ఆవకాయని ఎన్ని రకాలుగా వెతుకుతారు? తెలుగు పచ్చళ్ల సైటుకి కీవర్డ్ రీసెర్చ్

ఆవకాయని మన ఇళ్లల్లో ఎవరూ తయారు చెయ్యరు. పెడతారు. పులిహోర కలుపుతారు, రోటి పచ్చడి నూరతారు, అప్పడాలు ఒత్తుతారు. అయినా తెలుగు వంటల సైట్లు తెరిస్తే వరసగా 'ఆవకాయ తయారీ విధానం', 'పులిహోర తయారీ విధానం' అనే శీర్షికలే కనిపిస్తాయి. పత్రికల వంటల పేజీల నుంచి పట్టుకొచ్చిన భాష అది. ఆ మాటతో వెతికేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ అందరూ ఆ ఒక్క మాట మీదే పడి కొట్టుకుంటుంటే 'ఐదు కిలోల ఆవకాయకి కొలతలు', 'ఆవకాయ మీద నూనె తేలలేదు', 'ఆవకాయ బూజు పట్టకుండా' అని వెతికేవాళ్లకి సరైన పేజీ దొరకదు. తెలుగు సైటుకి కీవర్డ్ రీసెర్చ్‌లో (జనం గూగుల్‌లో ఏ మాటలతో వెతుకుతారో కనిపెట్టడంలో) మొదటి పని ఈ తేడాని పట్టుకోవడం. టూల్స్ ఆ తర్వాత.

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సైటుని ఉదాహరణగా తీసుకుందాం. ఇరవై రకాల పచ్చళ్లు, నాలుగైదు పొడులు, కొన్ని వంట వ్యాసాలు ఉన్నాయనుకోండి.

మాటలు పోగెయ్యడం

కంప్యూటర్ తెరవకముందే ఒక జాబితా తయారవ్వాలి. దానికి మంచి చోటు వాట్సాప్. ఆర్డరు పెట్టేవాళ్లు పంపిన మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ ఆరు నెలలవి చదవండి. వాళ్లు ఏ మాట వాడారో ఆ మాటనే, తప్పొప్పులతో సహా, ఒక షీటులో రాసుకోండి. సరిదిద్దొద్దు. మీ రంగంలో బాగా చూసే యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లు రెండో గని. 'అక్కా, నాకు ముక్క మెత్తబడిపోతోంది ఎందుకు' అని అక్కడ అడిగినవాళ్లే రేపు గూగుల్‌లోనూ అడుగుతారు.

ప్రాంతం తేడాని ఇక్కడే పట్టుకోవాలి. కోస్తాలో పచ్చడి అన్నది తెలంగాణలో చాలా ఇళ్లల్లో తొక్కు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, పండుమిర్చి తొక్కు అని వెతికేవాళ్లకి మీ సైటులో ఆ మాట ఎక్కడా లేకపోతే మీరు కనిపించే అవకాశం తగ్గిపోతుంది. వెల్లుల్లికి ఎల్లిపాయ, ఉల్లిపాయకి ఉల్లిగడ్డ, వేరుశనగలకి పల్లీలు, సొరకాయకి ఆనపకాయ. పెద్దవాళ్ల నోట ఊరగాయ అనే మాట ఇంకా ఉంది.

ఇంకో చిక్కుంది. 'పచ్చడి' అన్న మాటకే రెండు అర్థాలు. గోంగూర పచ్చడి అంటే ఈ పూట నూరుకునే రోటి పచ్చడి కావచ్చు, ఏడాదంతా జాడీలో ఉండే నిల్వ పచ్చడి కావచ్చు. మీరు అమ్మేది రెండోది. మొదటిది వెతికిన మనిషి స్టవ్ ముందు నిలబడి ఉంటాడు, మీ సీసా కొనడు. కొనేవాళ్లు ఎక్కువగా వాడే మాట 'పికిల్స్'. పెట్టుకునేవాళ్లు పచ్చడి అంటారు, కొనుక్కునేవాళ్లు పికిల్స్ అంటారని నా అంచనా. అదే మనిషి సందర్భాన్ని బట్టి మాట మార్చేస్తాడు. కాబట్టి అమ్మకం పేజీలో 'పికిల్' ఉండాలి, వంట పేజీలో 'పచ్చడి' ఉండాలి. ఇది మీ సరుకు విషయంలో నిజమో కాదో కింద చెప్పే పద్ధతిలో ఫలితాల పేజీ చూసి తేల్చుకోండి.

ఒక మాట, మూడు రకాలు, పది స్పెల్లింగులు

తెలుగువాళ్లు మూడు రకాలుగా టైపు చేస్తారు. తెలుగు లిపిలో, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట, లేదా నేరుగా ఇంగ్లిషు. మామిడికాయ పచ్చడిని మ్యాంగో పికిల్ అనడం మూడో రకం. కీబోర్డులో ఇంగ్లిషు అక్షరాలు కొట్టినా తెలుగు లిపి వచ్చేస్తుంది, మైకు నొక్కి మాట్లాడినా వచ్చేస్తుంది కాబట్టి మొదటి రకాన్ని తక్కువ అంచనా వెయ్యొద్దు.

గందరగోళమంతా రెండో రకంలోనే. ఆవకాయని ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు మొదట ఒక ఏ పెట్టేవాళ్లున్నారు, రెండు ఏలు పెట్టేవాళ్లున్నారు, మధ్యలో కె ని రెట్టించేవాళ్లున్నారు, చివర వై-ఏ బదులు ఒక్క ఐ తో ముగించేవాళ్లున్నారు. గోంగూరకి యు ఒకటా, ఓ రెండా అన్నది ఇంకో రగడ. గూగుల్ ఈ తేడాలని చాలావరకు తనే కలిపేసుకుంటుంది. అందుకని ఒక్కో స్పెల్లింగుకి ఒక్కో పేజీ పెట్టడం శుద్ధ దండగ, పైగా అలాంటి పేజీల మందని స్పామ్ కింద లెక్కగట్టే ప్రమాదం ఉంది. స్పెల్లింగులన్నీ రాసుకోవాల్సింది పేజీలు పెంచడానికి కాదు, డిమాండ్‌ని సరిగ్గా కూడడానికి. పది ముక్కలైన డిమాండ్‌లో ఒక్క ముక్కని చూసి 'ఇది ఎవరూ వెతకట్లేదు' అనుకోవడం తెలుగు సైట్లు చేసే పెద్ద పొరపాటు.

తెలుగు లిపిలోనూ ఒక దొంగ అక్షరం ఉంది. 'ఆన్‌లైన్' అని పొల్లు విడిగా కనిపించేలా రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వెయ్యవు, అప్పుడు 'ఆన్లైన్' అని వత్తు పడుతుంది. చదివేవాళ్లకి రెండూ ఒకటే. మీ షీటుకి మాత్రం రెండూ వేరు వేరు మాటలు, లెక్క రెండు వరసల్లోకి చీలిపోతుంది. ఆ కనబడని అక్షరం యూనికోడ్ సంఖ్య 8204. గూగుల్ షీట్స్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనిచార్ 8204 ని ఖాళీతో మార్చేస్తే వరసలు కలిసిపోతాయి. హైదరాబాద్, హైదరాబాదు లాంటివి చేత్తోనే కలుపుకోవాలి.

సలహాలు, ప్లానర్, ట్రెండ్స్

జాబితా చేతిలోకొచ్చాక గూగుల్ సెర్చ్ పెట్టె దగ్గరకి వెళ్లండి. ఇన్‌కాగ్నిటోలో తెరవండి. పాత సెర్చ్‌ల ప్రభావం తగ్గుతుంది కానీ మీరున్న ఊరి ప్రభావం పోదు. 'ఆవకాయ' కొట్టి స్పేస్ ఇచ్చి ఆగండి. కింద పడిన సలహాలన్నీ రాసుకోండి. తర్వాత 'ఆవకాయ క', 'ఆవకాయ ఎ', 'ఆవకాయ ప' అని ఒక్కో అక్షరం చేర్చి చూడండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కర్సర్‌ని మాటకి ముందుకి జరిపి చూస్తే ఇంకో రకం సలహాలొస్తాయి: బెల్లం ఆవకాయ, వెల్లుల్లి ఆవకాయ, పెసర ఆవకాయ లాంటివి. తెలుగులో విశేషణం ముందొస్తుంది కాబట్టి ఈ రెండో పద్ధతిలోనే మనకి సరుకు ఎక్కువ. ఇదంతా ఇంగ్లిషు అక్షరాలతోనూ ఇంకోసారి చెయ్యండి, సలహాలు వేరుగా వస్తాయి.

సంఖ్యల కోసం గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ ఉంది. ప్రకటనలకి డబ్బు పెట్టని ఖాతాకి అది నెలకి 10–100, 100–1,000, 1,000–10,000 అన్నట్టు బారెడు వెడల్పున్న అంచెలే చూపిస్తుంది. చిన్న సైటుకి అది చాలు. అందులో చేసే తప్పులు ముఖ్యంగా మూడు.

ఒకటి, ప్రాంతం భారతదేశం అని వదిలెయ్యడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా పెట్టి చూడండి. విదేశాలకి పంపేవాళ్లయితే అమెరికాని వేరుగా చూడండి. అక్కడి మనవాళ్లు ఎక్కువగా ఇంగ్లిషులోనే వెతకొచ్చు, అదీ తేలుతుంది. భాష దగ్గర తెలుగు ఒక్కటే ఎంచుకుని ఆగిపోకుండా, అన్ని భాషలూ పెట్టి ఇంకోసారి చూడండి.

రెండు, 'కాంపిటీషన్' గడిలో తక్కువ అని ఉంటే ర్యాంకు (ఫలితాల్లో పై స్థానం) తేలిగ్గా వస్తుందనుకోవడం. ఆ గడి చెప్పేది ప్రకటనలకి బిడ్ వేసేవాళ్ల పోటీ. మామూలు ఫలితాల పోటీకీ దానికీ సంబంధం లేదు. తెలుగు మాటలకి ప్రకటనలిచ్చేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడ దాదాపు అన్నీ 'తక్కువ' అనే ఉంటాయి.

మూడు, కూడికలో తప్పు. దగ్గర దగ్గరగా ఉండే స్పెల్లింగులకి ప్లానర్ చాలాసార్లు ఒకే ఉమ్మడి సంఖ్య చూపిస్తుంది. మూడు స్పెల్లింగులకీ అచ్చంగా ఒకే సంఖ్య, ఒకే నెలవారీ గీత కనిపిస్తే అవి మూడు కాదు, ఒక్కటే. మూడింటినీ కూడితే ఉన్న డిమాండ్ మూడింతలుగా కనిపిస్తుంది. తెలుగు లిపి మాట వరస మాత్రం సాధారణంగా వేరుగా ఉంటుంది, దాన్ని కలపొచ్చు.

డబ్బు కట్టే టూల్స్ సంగతి కూడా చెప్పాలి. అవి చూపే 'డిఫికల్టీ' స్కోరు ఎక్కువగా ఇతర సైట్ల నుంచి వచ్చే లింకుల మీద ఆధారపడుతుంది. తెలుగు మాటలకి వాటి దగ్గర సమాచారమే పలచన. సున్నా చూపిస్తే 'మా దగ్గర లెక్క లేదు' అని చదువుకోండి. పచ్చళ్ల సైటుకి నెలనెలా ఆ ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం.

గూగుల్ ట్రెండ్స్ సంఖ్య చెప్పదు, పోలిక చెప్తుంది. ఎంచుకున్న కాలంలో శిఖరం 100, మిగతావన్నీ దాని పాళ్లు. ఒకేసారి ఐదు మాటలు పోల్చుకోవచ్చు. స్పెల్లింగుల మధ్య కూడిక గుర్తు పెడితే వాటిని కలిపి ఒకే గీతగా చూపిస్తుంది, పైన చెప్పిన స్పెల్లింగుల జాబితా ఇక్కడ పనికొస్తుంది. పచ్చడి, తొక్కు రెండూ ఇచ్చి రాష్ట్రాల పటం చూడండి. డేటా చాలలేదని వస్తే కాలాన్ని ఐదేళ్లకి పెంచండి.

ట్రెండ్స్ అసలు పనికొచ్చేది కాలం లెక్కకి. ఆవకాయ వేసవి సరుకు, ఏప్రిల్, మే నెలల్లో కాయ దిగుతుంది. ఉసిరికాయ కార్తీకానికి, చింతకాయ చలికాలానికి. గీత ఎప్పుడు లేవడం మొదలుపెట్టిందో చూసి, అంతకు రెండు మూడు నెలల ముందే పేజీ పెట్టాలి. ఏప్రిల్ చివర్లో పెట్టిన ఆవకాయ పేజీ గూగుల్‌లో కుదురుకునే సరికి జనం జాడీలకి వాసెన కట్టేసి ఉంటారు. నిరుడు పెట్టిన పేజీ ఉంటే కొత్తది రాయొద్దు. అదే వెబ్ చిరునామాలో (URL) కొలతలు, ధరలు, ఫొటోలు మార్చండి.

ఫలితాల పేజీ చదవడం

టూల్స్‌కి వదిలెయ్యకూడని పని ఇది. జాబితాలో ముఖ్యమైన పాతిక ముప్పై మాటలని ఒక్కొక్కటిగా ఫోనులో వెతికి మొదటి పది ఫలితాలూ ఏ రకమో రాసుకోండి. అన్నీ వీడియోలా? దుకాణాలా? వంట వ్యాసాలా? వార్తలా? పదిలో ఏడెనిమిది వీడియోలైతే అక్కడ మీ రెండు వేల మాటల వ్యాసం ఎంత బాగున్నా కష్టమే. వీడియో చెయ్యండి, లేదా ఆ మాట వదిలెయ్యండి. అన్నీ దుకాణాలైతే కొలతల వ్యాసం పెట్టి లాభం లేదు, సరుకు పేజీ కావాలి. పాత ఫోరం చర్చలో, విషయానికి పొసగని పేజీలో పైన కనిపిస్తున్నాయంటే అక్కడ ఖాళీ ఉన్నట్టు. తెలుగులో ఇలాంటి ఖాళీలు ఇంకా చాలా ఉన్నాయి.

రెండు మాటలకి ఒక పేజీ చాలా, రెండు కావాలా అన్నదీ ఇక్కడే తేలుతుంది. 'ఆవకాయ కొలతలు', 'ఆవకాయ పెట్టే విధానం' రెండూ వెతికి పదింటిలో ఎన్ని లింకులు కలుస్తున్నాయో లెక్కపెట్టండి. నాలుగైదు కలిస్తే గూగుల్ ఆ రెండింటినీ ఒకే అవసరంగా చూస్తున్నట్టే, ఒకే పేజీలో రాయండి. ఒకటో రెండో కలిస్తే విడిగా రాయండి. ఈ నాలుగైదు అన్నది నియమం కాదు, ఉజ్జాయింపు లెక్క.

'ఆవకాయకి ఉప్పు ఎంత' లాంటి ఒక్క ముక్క ప్రశ్నల వెంట పడొద్దు. జవాబు ఫలితాల పేజీలోనే పైన కనిపించేస్తే లోపలికి వచ్చేవాళ్లు తగ్గుతారు. 'ఉప్పు ఎక్కువైన ఆవకాయని సరిచెయ్యడం' మీద రాస్తే, ఒక్క వాక్యంలో తెగని సమస్య కాబట్టి, జనం పేజీ తెరుస్తారు.

సెర్చ్ కన్సోల్: సైటు ఉన్నవాళ్లకి అసలు గని

సైటు మొదలై మూడు నాలుగు నెలలైతే ప్లానర్ కన్నా సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకి గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) విలువైనది. మీ సైటు ఏ ఏ మాటలకి కనిపించిందో అది 16 నెలల వరకు దాచి ఉంచుతుంది. పనితీరు రిపోర్టులో క్వెరీ (జనం వెతికిన మాట) ఫిల్టర్ తెరిచి, కస్టమ్ రీజెక్స్ (అక్షరాల నమూనాతో వడకట్టే పద్ధతి) ఎంచుకుని, [అ-హ] అని కొట్టండి. తెలుగు లిపిలో వచ్చిన సెర్చ్‌లన్నీ విడిగా పడతాయి. 'సరిపోలనివి' అని మారిస్తే ఇంగ్లిషు అక్షరాల్లో వచ్చినవి మిగులుతాయి. మీ పాఠకులు ఏ లిపి వాళ్లో అర నిమిషంలో తేలిపోయింది.

ప్రశ్నల కోసం ఎలా|ఎంత|ఎన్ని|ఎందుకు|ఎప్పుడు అని మధ్యలో నిలువు గీతలతో కొట్టండి. కానీ తెలుగులో ప్రశ్న వేయడానికి ప్రశ్నపదమే అక్కర్లేదు, చివర దీర్ఘం తీస్తే చాలు. పాడవుతుందా, పంపవచ్చా, ఫ్రిజ్‌లో పెట్టవచ్చా. వీటి కోసం దా$|చ్చా$ అని కొట్టండి. డాలర్ గుర్తు అంటే సెర్చ్ అక్కడ ముగిసిందని. కొన్ని పనికిరానివీ వస్తాయి, ఫర్వాలేదు. మీ సరుకు వివరాల పేజీలో 'తరచూ అడిగే ప్రశ్నలు' ఎక్కడి నుంచో తెచ్చి నింపే బదులు ఇక్కడ దొరికినవే పెట్టండి.

తర్వాత మూడు నెలల కాలం పెట్టి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా ఉన్నవి ఏరండి. గూగుల్ మిమ్మల్ని గుర్తించింది కానీ పైకి తేలేదు. ఒక్కో మాట మీద నొక్కి, పేజీల ట్యాబ్‌లో ఏ పేజీ కనిపించిందో చూడండి. ఆ మాటకి జవాబు ఆ పేజీలో నిజంగా ఉందా? చాలాసార్లు ఉండదు, ఎక్కడో ఒక్క వాక్యంలో తగిలి ఉంటుంది. అక్కడ ఒక ఉపశీర్షిక పెట్టి నాలుగు పేరాలు సరిగ్గా రాస్తే కొత్త పేజీ కన్నా త్వరగా ఫలితం వస్తుంది. ఒకే మాటకి మీవే రెండు పేజీలు కనిపిస్తుంటే, ఒక వారం ఇది ఒక వారం అది పైకొస్తుంటే, రెండూ ఒకదాని కాళ్లు ఒకటి లాగుతున్నట్టు. మంచిదాంట్లో రెండోది కలిపేసి, పాత చిరునామా నుంచి 301 రీడైరెక్ట్ (పాత లింకుకి వచ్చినవాళ్లని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించడం) పెట్టండి.

ఈ రిపోర్టుని తప్పుగా చదవడమూ తేలికే. బాగా అరుదైన సెర్చ్‌లని గోప్యత కోసం గూగుల్ చూపించదు. అందుకే క్వెరీల క్లిక్కులన్నీ కూడినా పైన ఉన్న మొత్తం రాదు. తెలుగు చిన్న సైట్లలో ఈ దాగిన భాగం పెద్దదిగానే ఉంటుంది. పట్టికలో 1,000 వరసలకి మించి కనిపించవు, కాబట్టి పేజీల వారీగా ఫిల్టర్ వేసి దించుకోండి. సగటు స్థానం పడిపోయిందని బెంబేలెత్తొద్దు: కొత్త మాటలకి 40వ స్థానంలో కనిపించడం మొదలైతే సగటు కిందకి జారుతుంది, అది నష్టం కాదు. 2025 సెప్టెంబరులో గూగుల్ ఒకే పేజీలో 100 ఫలితాలు చూపే పద్ధతిని తీసేశాక చాలా సైట్లలో ఇంప్రెషన్లు తగ్గి సగటు స్థానం మెరుగైనట్టు కనిపించింది. ఆ తేదీకి ముందూ వెనకా పోల్చేటప్పుడు క్లిక్కులనే నమ్మండి.

ఎంచిన మాటని ఎక్కడ పెట్టాలి

శీర్షికలో, మొదటి పేరాలో, ఒక ఉపశీర్షికలో, ఫొటో ఆల్ట్ వివరణలో (ఫొటోలో ఏముందో కోడ్‌లో రాసే మాటలు). అంతే. నూటికి ఇన్నిసార్లు రావాలన్న లెక్కలు పక్కన పడేయండి. పేజీ కోడ్‌లో కీవర్డ్‌లు రాసే మెటా కీవర్డ్స్ ట్యాగుని ర్యాంకుకి వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పింది, అయినా దాన్ని నింపినందుకు డబ్బు తీసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫలితాల్లో శీర్షికని అక్షరాల లెక్కన కాక వెడల్పు లెక్కన కత్తిరిస్తారు, మన అక్షరాలు వెడల్పు. కాబట్టి అసలు మాట ముందుండాలి. 'మా ఇంటి సంప్రదాయ పద్ధతిలో రుచికరమైన' అని మొదలెడితే ఆవకాయ తెగిపోతుంది. ప్రాంతం మాటని వాక్యంలో సహజంగా చొప్పించండి: 'తెలంగాణలో మామిడికాయ తొక్కు అనే ఈ పచ్చడి' అంటే ఒక్క వాక్యంతో రెండు పక్కలా పని జరిగింది. పేజీ అడుగున పది స్పెల్లింగులూ కామాలతో పేర్చడం మాత్రం వద్దు.

చిరునామా ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టండి. తెలుగు లిపి చిరునామా గూగుల్‌కి అభ్యంతరం కాదు, కానీ కాపీ చేసినప్పుడు ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ వేరు వేరు అక్షరాలే. 'ఆవకాయ' ఒక్కటే 45 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల చాంతాడు. వర్డ్‌ప్రెస్ అయితే ఆ ముక్కని 200 గుర్తుల దగ్గర కత్తిరిస్తుంది. 'ఆవకాయ-పెట్టే-విధానం-కొలతలు' అని పెడితే చివరి 'లు' ఎగిరిపోయి 'కొలత' మిగులుతుంది. ఇప్పటికే తెలుగు చిరునామాతో ర్యాంకు తెచ్చుకున్న పేజీలుంటే వాటి జోలికి వెళ్లకుండా, కొత్త పేజీల నుంచి మార్చుకోండి.